హిమజ పాస్ కావాలని ఊదినోళ్ళు

చివ్వెంల హిమజ ఏం పని చేస్తదని ఎవరన్న అడిగితే, వాళ్ళ నాయినమ్మ ముత్తమ్మ ఒక్కటే మాట చెప్తది: "జనాల దమ్ము కొలుస్తది." నవ్వేటోళ్ళు నవ్వనీ గాని, ఆ పనిని అంతకంటే సక్కగ ఎవ్వరు చెప్పలేరు. హైదరాబాద్‌ల ఆస్తమా మీద, ఊపిరి గొట్టాల మీద పరిశోధన చేసే ల్యాబ్ ఒకటున్నది. ఎమ్మెస్సీ అయినంక హిమజ అండ్ల చేరింది. పీహెచ్‌డీల పేరెక్కాలంటే ముందుగాల మూడు నెలలు బయట తిరిగి పని చేసి కమిటీకి చూపియ్యాలె. రైసుమిల్లుల దుమ్ముల పనిచేసేటోళ్ళ ఊపిరి ఎట్లుందో కొలుసుడే ఆ పని. కోదాడ మిల్లు తనతోటి చేరిన నగేష్‌కు వచ్చింది, మిర్యాలగూడ మిల్లు హిమజకు వచ్చింది. సూర్యాపేటల కిరాయి రూము తీసుకొని, మిషను సంకకేసుకొని వారానికి మూడు దినాలు బస్సెక్కేది.

చెప్పుకుంటే అలకటి పనే. ఆస్తమా ఉన్నదని డాక్టర్ రాసిచ్చిన ఇరవై రెండు మంది ఉన్నరు. ఊదే దినం పొద్దుగాల లేచినకాడి నుంచి వాళ్ళు ఇన్‌హేలర్ ముట్టొద్దు. గట్టిగ గాలి పీల్చి మిషన్ల ఊదాలె. అటెన్క ఇన్‌హేలర్ పీల్చి, పావుగంట కూసొని, మళ్ళ ఊదాలె. మందు పడంగనె బిగుసుకున్న గొట్టాలు ఇచ్చుకొని రెండోపారి ఊపిరి పెరుగుతది. ఎంత పెరిగిందో అదే ల్యాబోళ్ళకు కావాల్సిన ముచ్చట.

మూడు నెలలైనంక ల్యాబ్ పెద్ద సుమలత మేడం ఫోన్ చేసింది. ఆమె కోపమొస్తే అరిచే మనిషి కాదు, ఇంకింత సల్లగ మాట్లాడే మనిషి. గదే ఎక్కువ భయం. కోదాడోళ్ళ నంబర్లు ఎట్లుండాల్నో అట్లనే ఉన్నయంట. మిర్యాలగూడోళ్ళు మాత్రం మొదటిపారే పైల్వాన్ల తీరు ఊదిన్రు, మందు పీల్చినంక ఇసుమంత గూడ పెరగలేదు. ఇంతమందికి ఒక్కపారే ఆస్తమా ఎట్ల మాయమైందని మేడం అడిగింది.

"రోగం లేనివాళ్ళతో ఊదించి, రోగుల పేర్లు రాశావా?" అన్నది మేడం. "అట్లయితే ఇప్పుడే చెప్పు హిమజా. సోమవారం కమిటీ ముందర నిన్ను నేను కాపాడలేను."

ఫోన్ పెట్టేసినంక పిల్ల మూడు నెలల కాయితాలన్ని ముందటేసుకున్నది. పరీక్షల ఫెయిలైతే మళ్ళ రాసుకోవచ్చు గాని, దొంగ లెక్కలు రాసిందన్న పేరొస్తే ఏ ల్యాబు గడప తొక్కనియ్యదు. ఆమె చేసిన తప్పేంది? మిషన్ ఖరాబైందేమోనని తనే ఊది సూసుకున్నది, మంచిగనే ఉన్నది. మందు పీల్చిన్రా అని ప్రతిపారి అడుగుతనే ఉన్నది, "లేదు బిడ్డా" అని ఒక్క నోటితోటి చెప్తనే ఉన్నరు.

గురువారం తొమ్మిదికి పోవాల్సిన మనిషి ఏడున్నరకే మిల్లు కాడ దిగింది. గేటు పక్క గోడ ఎనక నుంచి ఎవరో గట్టిగ అంకెలు లెక్కవెడుతున్నరు. తొంగి సూసింది. ఆమె ఇరవై రెండు మందిల ఇరవై ఒక్కరు వరుసగ కూసున్నరు, ఎవరి ఇన్‌హేలర్ వాళ్ళ చేతుల ఉన్నది. ఇరవై రెండో మనిషి రంగి వాళ్ళ ముందర నిలవడ్డది. ఊక ఎత్తే ఆడోళ్ళకు ఆమెనే పెద్ద. అరవై దాటినయి గాని, ఆ నోటి ముందర మిల్లు మోత ఏపాటిది! పీల్చున్రి, దమ్ము బిగవట్టున్రి, పది దాంక వదలొద్దు అని బడిపిల్లలకు నేర్పినట్టు నేర్పుతున్నది.

ఏం చేస్తున్నరని హిమజ అడిగితే రంగి సిగ్గువడలేదు సరే, పైకెల్లి మురిసింది. మొదటి దినం హిమజ అన్న మాటే అంట ఇదంత. గట్టిగ ఊదుతరేమోనని ఆ దినం "మీ ఊదుడు మీదనే నా సదువున్నది" అన్నది గదా. వాళ్ళు ఆ మాటను పానంగ పట్టుకున్నరు. కూలి చేసుకునేటోళ్ళ పిల్ల అంత సదువు సదువుతున్నది, మనం మిషన్ ముందర పిల్లికూతలు కూస్తే పిల్ల ఫెయిలైపోతదని అందరు కూసొని మాట్లాడుకున్నరు. అందుకే ముందుగాల మందు పీల్చుడు, అడిగితే లేదనుడు.

"నువ్వు పాస్ కావాలె గద బిడ్డా," అన్నది రంగి. "మా దమ్ము సంగతి మాకెర్కే, ఆ మిషన్‌కెందుకు?"

హిమజ అక్కడున్న బస్తా మీద కూసొని ఏడ్చింది, ఏడ్చుకుంటనే నవ్వింది. కోపం చేద్దమంటే మనసు రాలేదు. ఇంతమంది కలిసి తనకోసం చెప్పిన అబద్ధమాయె! మేలు చెయ్యబోతే కీడెదురైనట్టు, వాళ్ళు మంచిగ ఊదితేనే తను ఫెయిలైతదని చెప్పనీకి అరగంట పట్టింది. ఖరాబు మార్కులొస్తే పాస్ చేసే సదువు లోకంల ఎక్కడన్న ఉంటదా అని రంగి ఒక పట్టాన నమ్మలేదు. శనివారం మందు ముట్టకుండ మళ్ళ ఊదుదమని, అయితే దమ్ము లేస్తే మాత్రం మందు పీల్చున్రి, నాకోసం ఒక్కరు గూడ ఓర్చుకోవద్దని హిమజ దండం వెట్టి మరీ చెప్పింది.

శనివారం ఇద్దరికి తెల్లారంగనె దమ్ము లేసింది. మందు పీల్చినమని వాళ్ళే వచ్చి చెప్పిన్రు, వాళ్ళను ఇంకో దినానికి ఆపింది. మిగిలిన ఇరవై మంది ఊదిన్రు. రంగి ఊదుతుంటే గాలి సగంలనే ఆగింది, ఛాతిల నుంచి ఈల వినవడ్డది. మందు పీల్చినంక మూడోవంతు పెరిగింది. అందరివి అదే తీరుగ వచ్చినయి. హిమజ జరిగిందంత రాసి పంపింది, మొదటి దినం నోరు జారిన తన మాటతో సహా.

ఆదివారం మేడం ఫోన్ చేసి, అనుమానపడ్డందుకు మనసుల పెట్టుకోవద్దన్నది. పాత కాయితాలు పారెయ్యకుండ, ఎందుకట్ల వచ్చినయో రాసి పక్కకు పెట్టమన్నది. సోమవారం కమిటీ ముందర ఆమెనే మాట్లాడింది. హిమజ పేరు రిజిస్టరైంది. బయటికొచ్చి కడుపునిండ గాలి పీల్చుకున్నది, పిల్లకు పోయిన పానం లేసొచ్చింది.

మెట్లు దిగుతుండంగనె రంగి ఫోన్. పాసైనవా అని అడిగింది. అయిన అమ్మమ్మా అంటే, అటుపక్క మిల్లు మిల్లంత కేక వెట్టింది, నడుమ దగ్గులు గూడ వినవడ్డయి. జరసేపటికి రంగి గొంతు తగ్గించి, వచ్చే నెల ఇంకింత ఘోరంగ ఊదుతం, ఫస్టు క్లాసుల పాసైతవు అని భరోసా ఇచ్చింది.

హిమజకు పై పానం పైన్నే పోయింది.

"వద్దు అమ్మమ్మా, నీ కాళ్ళు మొక్కుత. ఎట్ల వస్తే అట్లనే ఊదు. ఉన్నదున్నట్టు ఉంటే సాలు."

"ఉన్నదున్నట్టు ఉంటే సాలా?" అన్నది రంగి. అరవై ఏండ్ల బతుకుల ఆమెకు ఆ మాట ఎవ్వరు చెప్పినట్టు లేదు. ఎనకకు తిరిగి, "ఇన్నరానే, ఉన్నదున్నట్టు ఉంటే సాలంట!" అని మిల్లంత వినేటట్టు కేకేసింది.