రెండు రోజుల బేరం

పనివాళ్ళను నడిపే పద్ధతులు నాలుగు రకాలని ఫోను వీడియోలో ఒక పెద్దమనిషి చెప్పగా విన్నాను. హుకుం చేసేవాడు, అందరినీ అడిగి చేసేవాడు, దగ్గరుండి నేర్పేవాడు, వదిలేసేవాడు. ఐదో రకాన్ని నేను కనిపెట్టాను: బేరమాడేవాడు. కరీంనగర్‌లో మా బట్టల దుకాణంలో ఆరుగురిని అలాగే నడిపాను. ఇంత చెత్త పద్ధతి జిల్లా మొత్తంలో ఇంకెవరికీ తట్టి ఉండదు.

దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి. ఎవరేం అడిగినా సగానికి అడగడం నా నోటికి అలవాటు. నాలుగు రోజులు సెలవంటే రెండు అనేవాణ్ణి. పనివాళ్ళూ తక్కువవాళ్ళు కారు, రెండు కావాలంటే నాలుగు అడిగేవారు. అందరం గెలిచామనుకునేవాళ్ళం. నాకు ముందు గల్లా మీద కూర్చున్న మా నాన్న, బాపు, అడిగినవాళ్ళ ముఖం చూసి "పోయిరా" అనో, "ఇప్పుడద్దు" అనో అనేవాడు. అది మెతకతనం అనుకున్నాను.

చీరల వైపు కూర్చునే అక్క అందరికన్నా పాత మనిషి. కొనకుండా లేచిన గిరాకీని మెట్ల దాకా పోయి మాటలతో వెనక్కి తెచ్చేది. ఆమె భర్త దుబాయిలో పని చేస్తాడు. ఆ వేసవిలో సెలవు మీద వచ్చి, తిరిగి వెళ్ళే ముందు లక్సెట్టిపేట దగ్గర తల్లిదండ్రుల ఇంట్లో ఉన్నాడు.

"సేటూ, నాలుగు దినాలు కావాలె. ఆయన పోయేదాక ఆడ ఉంట," అంది.

"పెండ్లిళ్ళ సీజన్ల నాలుగా? రెండు చాలయా?"

"నేను ఎక్కువ చేసి అడుగుతలేను సేటూ."

"అందరు గదే అంటరు. రెండు. ఖాయం."

"సరే, రెండు," అంది. సగం ధరకు మూట దొరికినంత సంబరం నాకు.

అన్నట్టే మూడోనాడు పనిలోకి వచ్చింది. నాలుగోనాడు పెళ్ళివారికి చీరలు విప్పుతుండగా ఒకాయన లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"ఏం చూస్తరన్నా? ప్యాంటు బట్టలు అటుదిక్కు," అన్నాను.

"మా ఆయన, సేటూ," అంది అక్క. హైదరాబాద్ విమానాశ్రయానికి పోయే కారు వీధి చివర ఆగి ఉంది.

"అరే, పో అక్కా, కారెక్కిచ్చి రా. చీరలు నేను చూపిస్త."

"రెండు దినాలే అనుకున్నం గద సేటూ. గవి అయిపోయినయి."

అందులో కోపం లేదు. ఆయన చీరల కుప్పకు అవతలి నుంచే, "పోయొస్త మరి," అన్నాడు. "పైలం," అందామె, చీర అంచు పట్టుకునే. బయట హారన్ మోగింది. పెళ్ళివారిలో ఒకావిడ ఇంకో రంగు అడిగింది. అక్క తీసి చూపింది.

బాపుకు చెబితే, అన్నం కలుపుతూ, "గిరాకీకి, మనోళ్ళకు ఫరక్ తెల్వదారా నీకు?" అన్నాడు. 

అప్పటినుంచి ఎవరు ఎన్ని రోజులు అడిగితే అన్ని ఇస్తున్నాను. మొదట్లో రెట్టింపు అడిగినవాళ్ళు, నేను వెంటనే ఒప్పుకునేసరికి పరేషానై, తామే తగ్గించుకున్నారు. అక్క మాత్రం అడగడమే మానేసింది. పని మానలేదు. చీర విప్పుతుంది, ధర చెబుతుంది. లేచి వెళ్ళే గిరాకీ లేచి వెళ్ళిపోతుంది. "జర మాట్లాడరాదా అక్కా," అన్నానొకసారి. "ధర చెప్పిన గద సేటూ," అంది.

ఇక లెక్క. ఆ పెళ్ళివారు బాగానే కొన్నారు, దాచను. నాకు దక్కింది రెండు రోజుల పని. పోయినవి ఆమెకు భర్తతో ఉండాల్సిన రెండు రోజులు, మా దుకాణానికి మెట్ల దాకా వినిపించే ఒక గొంతు. బదులుగా దసరాకు నాలుగు రోజులిస్తానంటే వద్దంది. బాకీ నాదే. ఆమె ఏమీ అడగడం లేదు కాబట్టి, తగ్గించడానికి కూడా ఏమీ లేదు.