మాస్టారి సూత్రాలు, మా తాత కొలతల పుస్తకం

బెజవాడలో డిగ్రీ చదివేటప్పుడు మాకు ప్రపంచ చరిత్ర చెప్పిన మాస్టారు పాఠ్యపుస్తకం తెరిచేవారు కాదు. బోర్డు మీద ఒక ప్రశ్న రాసేవారు: "ఈ మాట ఎవరు చెప్పారు? చెబితే వాళ్లకేం ఒరిగింది?" రోమ్ చక్రవర్తి గెలిచిన యుద్ధమైనా, ఫ్రాన్సులో రాజు తల తెగిన రోజైనా, ముందు ఆ ప్రశ్న దాటితేగాని కథలోకి రానిచ్చేవారు కాదు. ఒక్క సాక్షిని నమ్మొద్దనేవారు. గెలిచినవాడి కాగితం పక్కన ఓడినవాడి కాగితం పెట్టి చదవమనేవారు. గ్రూప్ ఫొటో చూపించి, ఇందులో ఎవరు లేరో చెప్పమనేవారు. పదిహేనేళ్లుగా నేను పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో అదే పాఠం చెబుతున్నాను, ఆయన మాటలతోనే. అందులో నా సొంతం ఒక్క ముక్క లేదు.

అందుకే కిందటేడు ఆయన ఫోన్ చేసినప్పుడు పొంగిపోయాను. పామర్రు దారిలో మా అమ్మ పుట్టిన ఊరి గ్రంథాలయానికి యాభై ఏళ్లు నిండుతున్నాయి. దాని చరిత్ర రాసిపెట్టమని కమిటీ వాళ్లు, పక్కూరివారే కదా అని, ఆయన్ని అడిగారట. ఆ గ్రంథాలయం మొదలైంది మా అమ్మ తండ్రి కుట్టుమిషను పక్కన. సాయిబు గారి కొట్టు అంటే ఆ రోజుల్లో తెలియనివాళ్లు లేరు. పొలం నుంచి వచ్చేవాళ్లు అరుగు మీద చేరితే, తాత కత్తెర పక్కన పెట్టి పేపరు చదివి వినిపించేవాడు. తర్వాత నాలుగు పుస్తకాలు పోగుచేసి ఇళ్లకు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఎవరేం తీసుకెళ్లారో రాయడానికి, కొలతల పుస్తకాన్నే తిరగేసి వెనక నుంచి వాడాడు. ముందు వైపు ఫలానా ఆయన నడుము ముప్పై ఆరు. వెనక వైపు అదే ఆయన పట్టుకెళ్లిన నవల, అడిగినా తిరిగి ఇవ్వడం లేదన్న ఫిర్యాదు. తాత చేతిరాతలో మా ఇంట్లో మిగిలింది అదొక్కటే.

ఊళ్లో ఇప్పటివాళ్లకు తెలిసింది వేరు. గ్రంథాలయం రైస్ మిల్లు ఓనరు గారి చావడిలో పుట్టిందంటారు. తర్వాత కట్టిన భవనం వాళ్లది, శిలాఫలకం మీద పేరూ వాళ్లదే. అది మా అమ్మ మనసులో ఎప్పటినుంచో ముల్లు. నాన్న పేరు ఒక్కసారి అచ్చులో చూడాలని ఆమె కోరిక.

"ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలమ్మాయ్!" అన్నారు మాస్టారు, కొలతల పుస్తకం చూసి. వన్ టౌన్‌లో ఆయన ఇంటి వరండాలో కూర్చుని ప్రతి పేజీ తిప్పారు. ఆయన కళ్లు చెమర్చాయి కూడా. పుస్తకం ఆయనకిచ్చి, టీ తాగి వచ్చేశాను.

యాభై ఏళ్ల పండక్కి కమిటీ వేసిన సావనీరు వచ్చింది. నున్నటి కాగితం, రంగుల అట్ట. "మిల్లు యజమాని గారి చావడిలో, వారి సంకల్పబలంతో..." అని మొదలైంది చరిత్ర. కింద మాస్టారి పేరు. మా తాత ఊసు ఎక్కడా లేదు. కొట్టు లేదు, అరుగూ లేదు. మూడుసార్లు చదివాను. ఒళ్లు మండిపోయింది.

ఆటో ఎక్కి నేరుగా ఆయన ఇంటికి వెళ్లాను.

"మా తాత ఏరండీ ఇందులో?" అన్నాను, నిలబడే.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "కూర్చో అమ్మాయ్. నేను రాశాను. మొదటి ప్రూఫులో ఉంది. కమిటీ ప్రెసిడెంటు ఆ మిల్లు ఓనరు గారబ్బాయే కదా, బాగోదన్నాడు."

"బాగోదంటే తీసేశారా? మీరా?"

"రోముకీ ఫ్రాన్సుకీ పెట్టిన రూలు మన పక్కూరికి పెడితే ఎలా అమ్మా? వాళ్లంతా పోయి ఎన్నేళ్లయిందో. వీళ్లతో రేపు పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని భోంచెయ్యాలి."

నాకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. చచ్చిన చక్రవర్తుల మీద చూపించిన ధైర్యాన్ని చూసి ఈ మనిషికి దణ్ణం పెట్టాను. నా దగ్గరికొచ్చిన ప్రతి బ్యాచ్ పిల్లల చేతా పెట్టించాను.

"సరే, మా పుస్తకం ఇచ్చెయ్యండి" అన్నాను. ఫొటో తీయించడానికి ప్రెసిడెంటుకు ఇచ్చారట. అక్కడే నిలబడి అతనికి ఫోన్ చేశాను. "ఆ చిరిగిన పుస్తకమాండీ? బీరువా సర్దినప్పుడు పాత పేపర్లతో తూకానికి వెళ్లిపోయుంటుందండీ. సారీ అండీ" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఇంటికి రాగానే అమ్మ నా చేతిలోని సావనీరు అందుకుంది. ఐదో తరగతి దాకా చదివిన మనిషి, కూడబలుక్కుంటూ చివరి పేజీ దాకా వెతికింది. ప్రకటనలు కూడా వదల్లేదు.

"లేదుగా" అంది.

"లేదమ్మా."

"పోన్లే. నాన్న రాత ఇంట్లో ఉంటే చాలు నాకు. తెచ్చావా?"

జరిగింది చెప్పాను. సావనీరు మూసి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది, కోపం లేకుండానే. "ఇచ్చేముందు జిరాక్సన్నా తీయించలేదా?"

మాస్టారి వీధి మొదట్లోనే రెండు జిరాక్స్ కొట్లున్నాయి. గురువు గారికి ఇచ్చేదానికి నకలు ఉంచుకుంటే ఆయన్ని అనుమానించినట్టవుతుందని, వాటి ముందు నుంచే నడిచి వెళ్లాను.