రొట్టెలకు చుట్టిన దుఃఖం

ఆ రోజుల్లో నాకు ఏడుపు రావాలన్నా ముందు డైరీలో రాసి చూసుకునేదాన్ని. డిగ్రీ అయిపోయి జహీరాబాద్‌లో ఇంట్లోనే ఉండేదాన్ని. నలుగురిలో నోరు పెగిలేది కాదు గానీ, పుస్తకాల్లో చదివిన బాధలన్నీ నావేననిపించేది. అప్పుడే హైదరాబాద్ నుంచి ఒక గడ్డం సారు వచ్చి ఫంక్షన్ హాల్లో బొమ్మల శిబిరం పెట్టారు. ఆయనది ఏదో కొత్త చిత్రకళా ఉద్యమం. "ఆలోచన వద్దు, అర్థం వద్దు. లోపల ఏది పొంగితే గది కాయితం మీద పడాలె" అనేవారు. చివరి రోజు ఒక్క బొమ్మను ఎంచి నగరంలో ప్రదర్శనకు తీసుకుపోతామన్నారు. అది నాదే కావాలని నాకు ఎంత ఆశో!

నాకు తోడుగా అమ్మ మా చిన్నమ్మ కూతురిని పిలిపించింది. ఇంట్లో అందరూ దాన్ని పటాకీ అంటారు. మొదటి రోజే అది ఝరాసంగం నుంచి వచ్చిన షేర్ ఆటోవాడితో కొట్లాడి, ఆ ఊపులోనే ఎర్రరంగులో చెయ్యి ముంచి కాగితాన్ని ఫటఫటా చరిచింది. సారు కళ్లు తడిశాయి. "కోపం! అచ్చమైన కోపం!" అన్నారు. (నేను పొద్దంతా కూర్చుని గీసిన చెట్టును మాత్రం "నీట్‌గ ఉందమ్మా" అన్నారు.) నా కడుపు భగ్గుమంది.

ఇక రోజూ సాయంత్రం ఇంట్లో దుఃఖం సాధన చేశాను. కాగితం తర్వాత కాగితం మీద అదే బొమ్మ: ఒక నీలి మరక, అందులోంచి జారే చుక్క, మూలన గోటిగీత. చివరి రోజు హాల్లో కళ్లు మూసుకుని, నిట్టూర్చి, చకచకా వేసేశాను. సారు నిలబడిపోయారు. "ఇంత దుఃఖం ఎక్కడ దాచినవమ్మా?" నేను సిగ్గుతో తల వంచి, ఓరకంట పటాకీ ముఖం చూశాను. వాడిపోయింది. హాయిగా అనిపించింది.

మధ్యాహ్నం పటాకీ మా టిఫిన్ సంచి విప్పింది. "సార్, మా పెద్దమ్మ జొన్నరొట్టెలు పంపింది, జర తినున్రి." సారు అది చేతికిచ్చిన పొట్లం విప్పారు. కాగితం మీద నీలి మరక, జారే చుక్క, మూలన గోటిగీత. నా పొట్లం మీదా అవే. (ఒకవైపు తెల్లగా ఉన్న కాగితాన్ని మా అమ్మ ఎన్నడూ పారేయదు.) సారు రొట్టె పట్టుకుని గోడ మీది బొమ్మకేసి, పొట్లంకేసి మార్చి మార్చి చూశారు.

"అక్కా, నీ దుఃఖంలకెళ్లి వంకాయ కూర నూనె కారుతుందే!" అని పటాకీ పొట్ట పట్టుకుని నవ్వింది.

నాకు నిజంగానే ఏడుపు ముంచుకొచ్చింది. సారు రొట్టె వదిలేసి లేచారు. "గిదే! గిప్పుడే! ఎయ్యమ్మా!"

"కాయితాలు అయిపోయినయి సార్" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

పటాకీ కోపమే నగరానికి పోయింది. ఆ బొమ్మ తిరిగొచ్చాక మా అమ్మ మోజుపడి దాన్ని మా ముందుగదిలోనే తగిలించింది. వచ్చినవాళ్లు మెచ్చుకుంటుంటే నేను చాయ్ పెట్టే వంకతో లోపలికి పోతాను. ఇప్పటికీ ముందు పెన్సిల్‌తో గీసుకోకుండా రంగు ముట్టుకోలేను. కానీ ఆ ఎర్ర అరచేతులను చూసినప్పుడల్లా నాలో లేచే మంట ఉందే, దానికి ఏ సాధనా అక్కర్లేదు. సారు చూస్తే, పాపం, ఎంత సంతోషించేవారో.