అశోక్‌నగర్ గోడ మీద ఆఫ్రికా పిల్లవాడు

అరవై తొమ్మిదిలో బుద్ధున్నవాడెవడూ కోస్తా నుంచి హైదరాబాదు ప్రయాణం పెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను. మా అక్క సుభద్ర కబురు పంపింది: "ఇంటాయన ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమంటున్నాడు. నువ్వొచ్చి మాట్లాడు. ఊళ్ళో అందరి చెవులూ తినే నోరు ఒక్కసారైనా పనికొస్తుందేమో చూద్దాం." మా బావగారు రాష్ట్రం ఏర్పడినప్పుడు ఉద్యోగంతోపాటు అక్కడికి మారారు. అప్పట్నుంచీ అశోక్‌నగర్‌లో యాదగిరి అనే ఆయన ఇంటి వెనక వాటాలో కిరాయికి ఉంటున్నారు. అక్క పిల్లలిద్దరూ ఆ వాటాలోనే పుట్టారు. ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ గొడవ ముదిరి, పదమూడేళ్ళ ఇరుగుపొరుగువాళ్ళు నాలుగు నెలలుగా మొహాలు చూసుకోవడం మానేశారు.

నేను రేపల్లె హైస్కూల్లో సైన్సు మేష్టర్ని. ప్రయాణం ఎలాగూ తప్పదు కదా అని ఇంకో పని కూడా తగిలించుకున్నాను. నారాయణగూడలో ఒక బళ్ళో నా స్నేహితుడు పాఠం చెబుతాడు. అతని పిల్లలకు చూపిద్దామని, పత్రికలో ఫోటోలు ముందు పెట్టుకుని, ప్లాస్టర్‌తో ఒక పుర్రె పోతపోశాను. అసలుది ఆఫ్రికాలో సున్నపురాతి గనిలో దొరికింది. లక్షల ఏళ్ళనాటి పసివాడిది. దాన్ని పాత బట్టల్లో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని బయలుదేరాను.

రేపల్లెలో మధ్యాహ్నం పాసింజరు, తెనాలిలో సాయంత్రం హైదరాబాదు బండి. మధ్యలో స్టేషన్ హోటల్లో ఉప్మా తిన్నాను. అలాంటి ఉప్మా శత్రువుకు కూడా వద్దు. బండిలో కాలు పెట్టే చోటు లేదు. పక్కనున్న లావుపాటాయన నా డబ్బా మీద కన్నేశాడు.

"సున్నుండలాండీ?"

"కాదండీ, పుర్రె."

ఆయన నవ్వాడు. నేను మూత తీసి చూపించాను. బెజవాడ వచ్చేసరికి బెంచీ మొత్తం నాదే. హాయిగా కాళ్ళు బారజాపి పడుకున్నాను. రిజర్వేషన్ దొరకనివాళ్ళు ఈ ఉపాయం గుర్తుంచుకోవచ్చు.

కాజీపేటలో ఎక్కిన కుర్రాళ్ళకు పుర్రె సంగతి తెలియదు. వచ్చి నా పక్కనే కూర్చున్నారు. ఒకతను "ఏ ఊరు సార్ మీది?" అన్నాడు. మామూలు రోజుల్లో అయితే రేపల్లె గురించి అరగంట చెప్పేవాణ్ణి. ఆ ఏడు ఆ ప్రశ్న వింటేనే నోరు తడారిపోయేది. "అటూ ఇటూ తిరుగుతుంటానండీ" అని కిటికీలోంచి చూడడం మొదలుపెట్టాను. బయట ఏమీ కనబడడం లేదు, అయినా చూశాను.

పొద్దున ఎనిమిదింటికి సికింద్రాబాదులో దిగి, సిటీ బస్సెక్కి చిక్కడపల్లిలో దిగాను. "జల్ది దిగున్రి, జల్ది!" అంటూ కండక్టరు నన్నూ డబ్బానీ ఒక్క తోపుతో దింపేశాడు. ముందు నారాయణగూడ పని చూసుకుందామని అక్కణ్ణుంచి నడిచాను. బడి గేటుకు తాళం. "బంద్ సార్. ఎప్పుడు తెరుస్తరో దేవునికెరుక" అన్నాడు వాచ్‌మన్. నా స్నేహితుడు సెలవులిచ్చారని వాళ్ళ ఊరికి చక్కా పోయాడట. నాకు చెప్పాలన్న ఇంగితం లేదు వెధవకి! ఇరానీ హోటల్లో కూర్చుని కోపం చల్లారేదాకా చాయ్ తాగి, చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ మీదుగా అశోక్‌నగర్ చేరాను.

గుమ్మంలోనే అక్క ఆపేసింది. "డబ్బాలో ఏంట్రా?"

చెప్పాను.

"నీ మొహం మండ! పసిపిల్లలున్న ఇంట్లోకి పుర్రె తెస్తావా?"

"ప్లాస్టరే అక్కా, బొమ్మ."

"బొమ్మైనా పుర్రె పుర్రే. నా గడప దాటడానికి వీల్లేదు." డబ్బా లాక్కుని, దాంట్లోంచి ఆఫ్రికా పిల్లవాణ్ణి చీరకొంగుతో పట్టుకుని తీసి, రెండు వాటాలకూ మధ్యనున్న పిట్టగోడ మీద పెట్టింది. డబ్బా మాత్రం బాగుందని లోపల దాచుకుంది.

ఆ సాయంత్రం యాదగిరితో మాట్లాడబోయాను. అతను బట్టల దుకాణం నుంచి వచ్చి సైకిలు దిగుతున్నాడు. "నమస్కారమండీ" అన్నాను. "ముప్పై తారీఖు" అని లోపలికి వెళ్ళిపోయాడు. అంతే, నా రాయబారం ముగిసింది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతున్నాను. గోడ అవతల్నుంచి కెవ్వుమని ఒక కేక. ఆ వెనకే యాదగిరి గొంతు: "అవ్వా! ఏమైందే?"

పరుగెత్తాను. యాదగిరి తల్లి మల్లమ్మ గోడకేసి వేలు చూపిస్తూ వణికిపోతోంది. నేనూ చూశాను. అక్క తెల్లారే లేచి, ఊరగాయకని పసుపూ ఉప్పూ పట్టించిన నిమ్మకాయ చెక్కలు ఒక చేటలో, ఎండుమిరపకాయలు ఇంకో చేటలో ఎండబెట్టింది. గోడ మీద ఎండ బాగా తగిలే చోటు ఒక్కటే. సరిగ్గా ఆ రెండు చేటల నడుమ కూర్చుని పిల్లవాడు మల్లమ్మ వాటా వైపు పళ్ళికిలిస్తున్నాడు.

"బాణామతి!" అంది మల్లమ్మ. మన చేతబడికి అక్కడి పేరు అది.

యాదగిరి మొహం కందగడ్డయింది. "ఏంది సారూ ఇది? ఇల్లు ఖాళీ చెయ్యమంటే బాణామతి చేస్తరా? ముప్పై తారీఖు గీరీఖు ఏం లేదు. ఇయ్యాలనే పోవాలె!"

"అయ్యో యాదగిరి గారూ, అది ఊరగాయండీ!" అంది అక్క ఏడుపు గొంతుతో.

"పుర్రెతోని ఊరగాయ పెడతరా?"

వాకిట్లో పదిమంది పోగయ్యారు. బావగారు సగం గడ్డం గీసుకుని బయటికొచ్చారు. నోరు పనికొస్తుందని పిలిపించిన అక్క ఇల్లు నా డబ్బా మూలాన ఆ పూటే పోయేలా ఉంది. భయపడ్డాను. భయపడితే నేను పాఠం చెబుతాను. అది నా జబ్బు.

పుర్రెను రెండు చేతులా ఎత్తాను. "ఇది బొమ్మండీ! దీని కింద కన్నం చూడండి. వెన్నెముక చేరే చోటు. కోతికి వెనక్కి ఉంటుంది, మనకు అడుగున ఉంటుంది. వీడికీ అడుగునే. అంటే వీడు రెండు కాళ్ళ మీద నిలబడి నడిచాడు. కానీ మెదడు చూస్తే కోతికున్నంతే. ముందు తెలివి పెరిగింది, ఆ తర్వాతే లేచి నిలబడ్డాడు అనేవాళ్ళు మహామహులు. వీడొచ్చి అదంతా తలకిందులు చేశాడు."

యాదగిరి దగ్గరికొచ్చి వంగి చూశాడు. "అంటే అకల్ రాకముందే కాళ్ళొచ్చినయా?"

"ఇప్పటికీ చాలామందికి అంతే కదా" అన్నారు బావగారు, నురగ మొహంతో.

నాలుగు నెలల్లో వాళ్ళిద్దరి మధ్యా మొదటి మాట అదే. యాదగిరికి నవ్వొచ్చింది. వెంటనే మింగేశాడు. నాకు అది చాలు, ఇక ఆగలేదు. "ఆఫ్రికాలో దొరికాడని తెల్లదొరలు చాలాకాలం వీణ్ణి మన తాతముత్తాతల్లో లెక్కచెయ్యలేదండీ. తొలి మనిషి తమవాడేనని ఇంగ్లండులో దొరికిన ఇంకో పుర్రెను నెత్తిన పెట్టుకున్నారు. తీరా చూస్తే అది మనిషి తలకు కోతి దవడ తగిలించి, రంగు పూసిన మోసం!"

"అరే! దొంగ ముల్కీ సర్టిఫికెట్!" అన్నాడు యాదగిరి. కోస్తావాళ్ళు ఈ గడ్డ మీద పుట్టామని దొంగ కాగితం చూపించి ఉద్యోగాలు కొట్టేశారన్నదే ఆ ఏడు అసలు తగవు. గుంపంతా గొల్లుమంది. బావగారు మాత్రం పనిగట్టుకుని తువ్వాలుతో నురగ తుడుచుకున్నారు.

మల్లమ్మ నవ్వలేదు. గోడ దగ్గరికొచ్చి పుర్రె మూతిలోకి చూసింది. "పాలపండ్లు గద" అంది.

"అవునమ్మా. మూడు నాలుగేళ్ళ పిల్లవాడు."

"ఎట్ల చచ్చిపాయె?"

"తెలియదమ్మా."

"తల్లి ఎంతేడ్చిందో." ముసలామె కళ్ళు తుడుచుకుంది. ఎన్నో క్లాసుల్లో ఈ పుర్రె గురించి చెప్పాను గాని, వాడికి తల్లుంటుందని ఒక్కసారీ తోచలేదు. "ఆడికెల్లి మనమంత ఎట్లొచ్చినం?" అని మల్లమ్మే మళ్ళీ అడిగింది.

"మన అందరి పుట్టుకా ఆఫ్రికాలోనే అంటున్నారిప్పుడు. అక్కణ్ణుంచి తరతరాలుగా నడుచుకుంటూ..."

మల్లమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఇన్నవా? గంత దూరం కెల్లి నడుసుకుంట వచ్చినోళ్ళం మనమే ఈడ ఉంటున్నం. బెజవాడ కెల్లి రైలెక్కి వచ్చినోళ్ళను పొమ్మంటవా?"

"అవ్వా, నా దోస్తులు ఊకుంటలేరే. ఆంధ్రోళ్ళకు ఇల్లెందుకిచ్చినవని రోజూ పరేషాన్ చేస్తున్నరు."

"నీ దోస్తులొచ్చి నిమ్మకాయ తొక్కు పెడతరా నాకు? సుభద్ర ఏడికీ పోదు!" తొక్కంటే వాళ్ళ భాషలో ఊరగాయ; ఏటా అక్క పెట్టిందే ఆ ముసలామె తినేది.

యాదగిరి తల గోక్కుని బావగారి వైపు చూశాడు. "గడ్డం పురా గీసుకోన్రి సారూ. సగం మంచిగ లేదు" అని లోపలికి పోయాడు. అక్క అక్కడే మెట్టు మీద కూలబడి హాయిగా ఏడ్చింది.

కానీ మల్లమ్మ ఒక షరతు పెట్టింది. పిల్లవాడు ఆ గోడ మీదే ఉండాలి. ఇంటికి దిష్టి తగలదట. నేనున్న నాలుగు రోజుల్లోనూ ఆ మహిమ చూశాను. యాదగిరి దోస్తులు వీధి మొగదాకా వచ్చి, గోడవైపు చూసి, అక్కణ్ణుంచే కేకేసి మాట్లాడి పోతున్నారు. సైన్సు గెలిచిందని నేను పొంగిపోతుంటే, వీధి మొత్తం బాణామతి గెలిచిందని నమ్ముతోంది. ఎలాగైతేనేం, ముప్పై తారీఖు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం బండి దొరికింది. అక్క తిరిగిచ్చిన డబ్బాలో ఈసారి నిమ్మకాయ ఊరగాయ ఉంది. భోజనాల వేళ అది తీస్తే బెంచీ ఖాళీ కాలేదు సరికదా, పై బెర్తులవాళ్ళు కూడా కిందికి దిగారు. హైదరాబాదు ఎలా ఉందని అందరూ అడిగారు. చాయ్ బాగుంది, బస్సులు బాగాలేవు, మనుషులు మనలాంటివాళ్ళే, తిట్టుకుంటూనే ఒకరి గోడ మీద ఒకరు మిరపకాయలు ఎండబెట్టుకుంటున్నారు అని చెప్పాను.

ఖమ్మం దాటాక ఎదురుగా ఉన్న పెద్దాయన వేళ్ళు నాకుతూ, "ఇంతకీ మీదే ఊరండీ?" అన్నాడు.

ఈసారి కిటికీలోంచి చూడలేదు. "ప్రస్తుతానికి రేపల్లె అండీ" అన్నాను.