ఏడో నంబరు హెడ్‌ఫోను

పదకొండేళ్లు అంజలై ఆ హెడ్‌ఫోన్లను తుడిచింది. రోజుకు పన్నెండు. ఒక్కటి కూడా తన చెవికి పెట్టుకోలేదు. పనిలో చేరిన మొదటి రోజే చెప్పారు: "గుడ్డతో తుడిచి కొక్కేనికి తగిలించు. నెత్తిన మాత్రం పెట్టుకోబాక. పిల్లకాయలు పెట్టుకొనేవి."

పిల్లల తలకు రాసేదీ కొబ్బరినూనే, అంజలై తలకు రాసేదీ కొబ్బరినూనే. అయినా ఎందుకని ఆమె అడగలేదు. మద్రాసు తొండియార్‌పేటలో ఆమె ఏ వీధి నుంచి వస్తుందో, ఆమె అత్తమామలు చీపురు పట్టి ఎన్నేళ్లు ఊరు ఊడ్చారో ఆ బడిలో అందరికీ తెలుసు. అడగకముందే జవాబు తెలిసిన ప్రశ్న అది. ఆ మాటను మింగి ఆమె గుడ్డ చేతికి తీసుకుంది.

పురసవాక్కంలో నగల అంగళ్ల వెనక సందులో ఉన్న ఆ బడి చెవుడున్న పిల్లలది. పేరు రాయను. ఒక్క బడిని వేలెత్తి చూపితే మిగిలినవన్నీ తప్పించుకుంటాయి. ఒకటో తరగతిలో టీచరు బల్ల మీద రేడియో అంత పెట్టె, దానికో మైకు ఉంటాయి. అక్కడినుంచి పన్నెండు డెస్కులకూ వైర్లు. పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే టీచరు గొంతు ఎన్నో రెట్లు పెరిగి వాళ్ల చెవుల్లో పడుతుంది. బొత్తిగా వినపడని పిల్లలు తక్కువ. చాలామందికి ఎంతో కొంత వినికిడి మిగిలే ఉంటుంది. ఆ మిగిలినదాన్ని పట్టుకొని మాటలు నేర్పడమే ఆ బడి పని.

1997 జూన్‌లో ఏడో డెస్కుకు సింధూరి వచ్చింది. ఆరేళ్ల పిల్ల, రెండు జడలు, ముందు పళ్లు రెండూ లేవు. రోజూ పొద్దున జయంతి టీచరు చిన్న డ్రమ్ము కొడుతుంది. వినిపించిన పిల్ల డబ్బాలో ఒక పూస వేయాలి. సింధూరి పక్క పిల్ల చేతిని చూసి వేసేది. ఎప్పుడూ అందరికంటే ఒక క్షణం వెనక. ఒంటరిగా కూర్చోబెట్టి వీపు వెనక కొడితే పూస పట్టుకొని అలాగే ఉండిపోయేది. సెప్టెంబరు చివరికి రిజిస్టరులో ఆమె పేరు ఎదుట "స్పందన లేదు" అని వరసగా పడింది. హెడ్మాస్టరు బాలసుందరం పిల్ల తల్లిని పిలిపించాడు. ఇక్కడ ఉంచి ప్రయోజనం లేదు, ఇంటికి తీసుకుపొండి, శుక్రవారం వచ్చి పేరు తీసేసినట్టు ఉత్తరం తీసుకోండి అన్నాడు.

తల్లి రంజని బయటికి వచ్చి మెట్ల మీద కూలబడింది. అంజలై నేల తుడిచే గుడ్డ పక్కన పడేసి దగ్గరికి వెళ్లింది.

"ఏడవబాకమ్మా. నీ బిడ్డకి ఇనిపిస్తాది."

"ఎవురు చెప్పినారు ఆయమ్మా నీకు?"

"నా బకెట్టు చెప్పింది. వరండాలో దబామని పెడితే మిగతా పిల్లకాయలు అన్నం తింటానే ఉంటారు. నీ కూతురు మాత్రం 'ఎవురే అది' అన్నట్టు తిరిగి చూస్తాది. నిన్నయితే కోపంగా చూసింది."

రంజని ఏడుపులోనే నవ్వింది. "ఆమా, నిజమే. మా అత్త అరిస్తే కూడా అట్టనే చూస్తాది."

"మరి? చెవులు లేని పిల్లకి మీ అత్త మీద కోపం ఎట్ట వస్తాది?"

నవ్వించింది గాని, అంజలైకి అప్పుడే ఇంకో సంగతి తట్టింది. టీచరు పెట్టె ఆపడం మరిచిపోయిన రోజుల్లో, హెడ్‌ఫోన్లు తీసుకొని మైకు ముందునుంచి వెళ్తే అవి కీచుమంటాయి. ఒక్కొక్కదాని గొంతు ఆమెకు తెలుసు. మూడోది పిల్లిలా అరుస్తుంది, పదోది గాలి పట్టిన కుళాయిలా. ఏడోది ఈ మధ్య అరిచినట్టే లేదు. తుడిచే మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి ఇది. పోయి చెబితే ముందు అడిగేది ఏడో నంబరు గురించి కాదు, "పెట్టె దగ్గర నీకేం పని?" అనే.

గురువారం మధ్యాహ్నం పిల్లలు అన్నానికి వరండాలోకి వెళ్లారు. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. అంజలై తలుపు వైపు ఒకసారి చూసి, పైట చెంగుకు చేతులు తుడుచుకొని, ఆరో నంబరు తీసి తలకు పెట్టుకుంది.

ఉలిక్కిపడింది. ఫ్యాను చెవిలోనే తిరుగుతున్నట్టుంది. కిటికీ మీది కాకి, సందులో సైకిలు గంట, బల్లకు తగిలిన తన సొంత గాజులు. ఇన్నేళ్లుగా తాను తుడుస్తున్నది దీన్నా అనుకుంటూ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత దాన్ని తీసి ఏడో నంబరు పెట్టుకుంది. గాజులు గట్టిగా ఆడించింది. శబ్దం పెంచే మీట చివరిదాకా తిప్పింది.

ఏమీ లేదు.

పుట్టినప్పటినుంచీ నిశ్శబ్దమే ఎక్కువ ఎరిగిన పిల్ల, హెడ్‌ఫోనులోనూ నిశ్శబ్దమే ఉంటే అది చెడిపోయిందని ఎవరికి, ఎలా చెబుతుంది? ఈ బరువు తల మీద మోయడమే చదువు కాబోలు అనుకొని ఉంటుంది.

"ఏయ్ అంజలై! ఏంది అది? తియ్యి ముందు!"

గుమ్మంలో జయంతి టీచరు. ఆమెదీ షావుకారుపేటలో తెలుగు ఇల్లే. తరగతిలో తమిళం, తిట్టేటప్పుడు తెలుగు.

అంజలై హెడ్‌ఫోను తీసింది. కొక్కేనికి మాత్రం తగిలించలేదు. రెండు చేతులతో ముందుకు చాపింది.

"తిట్టేది ఆనక తిట్టండి టీచరమ్మా. ముందు దీన్ని చెవిన పెట్టుకోండి."

"దేనికి? దీపం వెలగతానే ఉండాది కదా."

"దీపం కండ్లకమ్మా. పిల్లకి గావాల్సింది చెవుల్లో."

జయంతి చెయ్యి చాపలేదు. అప్పుడే అంజలై తల మీదినుంచి దిగిన హెడ్‌ఫోను అది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆ ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఆ కాసేపట్లో ఏం నడిచిందో ఇద్దరికీ తెలుసు. చివరికి జయంతి అందుకుంది. చీర చెంగుతో తుడుచుకొనే పెట్టుకుంది. ఆ సంగతి దాచడం న్యాయం కాదు.

పెట్టుకొని, మైకును వేలితో తట్టింది. మళ్లీ తట్టింది. ముఖం మారిపోయింది. పక్కనే ఉన్న పిల్లల కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుండిపోయింది.

"ఎన్నాళ్లుగా?"

"జూన్‌లో బడి తెరిచినప్పట్నించే అయ్యుంటాది."

"ఈ పిల్ల పైన రోజూ నేనే రాసినాను... స్పందన లేదని." హెడ్‌ఫోను తీసి అంది, "మిషను మెకానిక్ జనవరిలో గాని రాడు. వేరేది లేదు, ఒకరిది తీసిస్తే ఇంకొకరికి ఉండదు. రేపు శుక్రవారం."

"మా వీధిలో రేడియో రిపేరు కోటిలింగం ఉండాడు. ఇయ్యండి."

జయంతి దాన్ని పేపర్లో చుట్టి అంజలై సంచిలో తన చేతులతోనే పెట్టింది.

సాయంత్రం కోటిలింగం పేపరు విప్పి కళ్లెగరేశాడు. "ఏమక్కా, పాటలు ఇనే వయసా నీది? బావకి తెలుసునా?"

"నోరు మూసుకొని విప్పరా. ఒక బిడ్డ చదువు ఉండాది దీన్లో."

అతను మూత విప్పాడు. లాగి లాగి వైరు లోపలే తెగి ఉంది. వేలెడంత కత్తిరించి, కొత్తగా అతికి, తన రేడియోకు తగిలించి చెవికి పెట్టుకున్నాడు. తలాడించి, అదే ఊపులో తీసి అంజలై తలకు తగిలించాడు. "నువ్వూ ఇని చూడు." తుడవలేదు. ఆ ఆలోచనే రాలేదు అతనికి. అంజలై చెవుల్లో ఎవరో ధాన్యం ధరలు చదువుతున్నారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ధరలకి ఏడుస్తావేంది అక్కా! అంత పెరిగినాయా?" అన్నాడు కోటిలింగం.

శుక్రవారం పొద్దున ఉత్తరం టైపై బాలసుందరం బల్ల మీద ఉంది. ఒక్క అరగంట ఆగమని జయంతి అతన్ని తరగతికి తీసుకొచ్చింది. రంజని గుమ్మం దగ్గర, ఆమె వెనక చీపురుతో అంజలై. జయంతి సింధూరికి హెడ్‌ఫోను పెట్టి, మైకు దగ్గర, పిల్ల వీపు వెనక నిలబడి డ్రమ్ము కొట్టింది.

సింధూరి పూస వేయలేదు. హెడ్‌ఫోను తీసేసింది. బాలసుందరం నిట్టూర్చాడు. పిల్ల దాన్ని తిప్పి, లోపల ఎవరున్నారో అన్నట్టు తొంగి చూసింది. వేలు పెట్టి గుచ్చింది. మళ్లీ తనే తలకు పెట్టుకుంది. డ్రమ్ము మోగింది. పక్క పిల్ల వైపు చూడకుండానే పూస డబ్బాలో పడింది. మళ్లీ మోగింది. మళ్లీ పడింది. ఆ తర్వాత డ్రమ్ము కోసం ఆగలేక ఆ పిల్ల దోసిలి నిండా పూసలు ఒకేసారి పోసేసి, బోసి నోటితో నవ్వింది.

ఉత్తరం ఇవ్వలేదు. సింధూరి ఇప్పుడు మూడో తరగతి. "అమ్మ" అంటుంది, "ఆయా" అంటుంది, నాయనమ్మ మీద చాడీలు కూడా చెబుతుందట.

రోజూ హెడ్‌ఫోన్లు పరీక్షించాలని బడిలో కొత్త నియమం వచ్చింది. టీచరే పరీక్షించాలని అందులో రాశారు. అంజలై పేరు ఎక్కడా లేదు. "నెత్తిన పెట్టుకోబాక" అన్న పాత మాటను వెనక్కి తీసుకున్నవాళ్లూ లేరు. కానీ ప్రార్థనకు ముందు జయంతి మైకు దగ్గర నిలబడి, "అంజలై అక్కా, దా" అని పిలుస్తుంది. అంజలై ఒకటి నుంచి పన్నెండు దాకా పెట్టుకొని విని, "సరి" అంటుంది. అప్పుడే పిల్లలు లోపలికి వస్తారు.

చదివిన మీకు ఒక మనవి. మీ పేటలో ఇలాంటి బడి ఉంటే ఒక పొద్దున వెళ్లండి. అనుమతి అడిగి ప్రతి హెడ్‌ఫోనూ చెవికి పెట్టి చూడండి. పలకనిదాన్ని చూపించి, బాగుచేయించేదాకా వదలకండి. వెళ్లినప్పుడు వాటిని తుడిచే ఆయమ్మను లోపలికి పిలవండి. ముందు ఆమెను పెట్టుకోమనండి. తర్వాత మీరు పెట్టుకోండి. తుడవకుండా.