మహావీరుల నడుములు కొలిచిన టేపక్క

టేపక్క చదివింది అయిదో తరగతి వరకే. కానీ ఆ అయిదు తరగతులూ ఊరి బడిలో బెత్తం కింద చదివింది కాబట్టి పావు, అర, ముప్పావు, అరపావు లెక్కలు నిద్రలో లేపి అడిగినా ఆమెకు తప్పవు. ఆ చదువుతోనే లోకాన్ని కాపాడే మహావీరుల దళానికి ముప్పై రెండేళ్లు బట్టలు కుట్టింది. మొత్తం పదకొండు వందల నలభై జతలు. వీపు మీద వేలాడే గుడ్డలు వేరే. వాటిని ఆమె తన పనిలో జమకట్టుకోలేదు. గాలిలో ఎగిరేవాడికి వెనక దుప్పటి ఎందుకో ఆమెకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఈ ముప్పై రెండేళ్లలో లోకం పద్నాలుగు సార్లు అంతమవబోయింది. పద్నాలుగు సార్లూ దాన్ని కాపాడినవాళ్ల ఒంటి మీద ఉన్నది టేపక్క చేతి కుట్టే. పేపర్లు వీరుల ఫొటోలు వేశాయి, వీరుల తల్లుల ఫొటోలు వేశాయి, ఒకసారి ఒక వీరుడి కుక్క ఫొటో కూడా వేశాయి. కుట్టు గురించి రాసింది మాత్రం ఒక్కసారే. దళనాయకుడు పిడుగు జనం చూస్తుండగా పైకి లేచినప్పుడు ప్యాంటు వెనకవైపు పర్రుమంది. ఆ తప్పు దారానిది కాదు. ఎవరిదో పిడుగుకూ తెలుసు, టేపక్కకూ తెలుసు.

దళం భవనంలో అయిదో అంతస్తు చివర, నీటి పంపు పక్కన ఆమె గది. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, నిలువుటద్దం, తలుపుకు లోపలి గడియ. పంపు ఆన్ చేసినప్పుడల్లా సూదుల డబ్బా బల్లంతా నడిచొచ్చేది. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుండేది కాబట్టి అందరూ ఆమెను టేపక్క అన్నారు. అసలు పేరు అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. ఎంతటి వీరుడైనా ఏడాదికి రెండుసార్లు వచ్చి కొత్తగా కొలతలు ఇవ్వాల్సిందే. పాత కొలతతో కొత్త గుడ్డ కత్తిరించడం టేపక్క దృష్టిలో పాపం. "ఒళ్లు గోడ కాదు నాయనా, కట్టినచోట కట్టినట్టు ఉండటానికి" అనేది.

వచ్చిన చిక్కల్లా దళం నియమంతో. నడుము రెండంగుళాలు పెరిగిన వీరుణ్ని మైదానం నుంచి తప్పించి ఫైళ్ల గదికి పంపేస్తారు. అందుకని కొండ అనే పేరున్న బలశాలి ఒకరోజు లోపలికొచ్చి, తనే తలుపు గడియ వేశాడు.

"టేపక్కా, ఎంతొచ్చింది?"

"ముప్పై ఎనిమిదిన్నర."

"ముప్పై నాలుగని రాద్దూ."

"మిగతా నాలుగున్నర ఎక్కడ పెట్టుకుంటావు, జేబులోనా?"

"నీ కాళ్లు పట్టుకుంటానక్కా! వంతెనలు ఎత్తే చేత్తో ఫైళ్లు ఎత్తమంటారు."

వంతెనలు ఎత్తే ఆ చెయ్యి నిజంగానే కాళ్ల వైపు వస్తుంటే టేపక్క వెనక్కి జరిగింది. "సరేలే. రాసేది నీ కొలత, కుట్టేది నిజం కొలత. ఈ మాట గది దాటదు. ఊపిరి పీల్చుకో. పీల్చి వదులు, బిగబట్టకు!"

అలా రెండు పుస్తకాలు పుట్టాయి. ఆఫీసుకు వెళ్లేది తెల్ల అట్ట పుస్తకం. మిషను సొరుగులో ఉండేది గోధుమ రంగు అట్టది. దళంలో పందొమ్మిది మంది ఉంటే పదహారు మంది ఒకరి తర్వాత ఒకరు వచ్చి గడియ వేసుకున్నారు. ప్రతివాడూ ఇలాంటి పాడుపని తానొక్కడే చేస్తున్నానని కుమిలిపోయాడు. నాయకుడు పిడుగు అయితే లోపల బిగించుకునే పట్టీ కూడా కుట్టించుకుని, ఇది నడుంనొప్పికని చెప్పాడు. తెల్ల పుస్తకం ప్రకారం దళంలో ఏళ్ల తరబడి ఒక్క నడుమూ ఒక్క అంగుళం పెరగలేదు. ఏటేటా క్రమశిక్షణ పతకం దళం మొత్తానికీ వచ్చేది. పతకం మెడలో వేసుకుని వంగడానికి చాలామందికి ఆయాసం వచ్చేది.

అడగనివాళ్లు ముగ్గురే. వాళ్లలో పెద్దవాడు వేయికళ్లు. గోడ అవతల ఏముందో చూడగలడు. వచ్చి నిలబడేవాడు, కొలిపించుకునేవాడు, పోయేవాడు. కొన్నేళ్లుగా ఎప్పుడు కొలిచినా అదే నడుము. టేపక్క మురిసిపోయి, ఆ భవనంలోనే లిఫ్టు నడిపే తన తమ్ముడికి ఆయన్ను చూపించేది. "ఒరేయ్, తిండి మీద అదుపంటే ఆయనది. నువ్వూ ఉన్నావు, ఏటా మెడ పట్టీ విప్పి కుట్టలేక చస్తున్నాను."

ఇలా ఉండగా ఆకాశం నుంచి వచ్చిన రహస్య సందేశమొకటి దళం చేతికి చిక్కింది. ఎవరి రూపం కావాలంటే వారి రూపం తొడుక్కునే పరాయి గ్రహంవాళ్లు ముగ్గురు, మూడేళ్లుగా ఈ భవనంలోనే తిరుగుతున్నారని అందులో ఉంది.

ఇక వీరుల తెలివి చూడాలి. మొదట ఎవరి శక్తి వాళ్లు చూపించి తామే అసలువాళ్లమని నిరూపించుకోవాలన్నారు. దొంగలకు రూపంతోపాటు శక్తులూ వచ్చాయి కాబట్టి అందరూ నెగ్గారు, రెండో అంతస్తు మాత్రం కూలింది. తర్వాత ఎవరి చిన్ననాటి ముచ్చట వాళ్లు చెప్పాలన్నారు. అందరూ చెప్పారు, కొందరు ఏడ్చారు కూడా. నిజమో కాదో తేల్చేవాడు మాత్రం లేడు. చివరికి దర్యాప్తు అంతా వేయికళ్లకే అప్పగించారు. అరగంటలో ఆయన దొంగను పట్టేశాడు.

పట్టింది టేపక్క తమ్ముణ్ని.

సాక్ష్యం బలంగానే ఉంది. గుర్తింపు కార్డులో మీసం ఉంది, ముఖాన లేదు. రూపం మార్చేశాడు! పైగా ఎవరు ఏ అంతస్తుకు వెళతారో అతనికి మొత్తం తెలుసు. మధ్యాహ్నం నాలుగింటికి అతణ్ని ఇనుప గుండులో కూర్చోబెట్టి అంతరిక్షంలోకి విసిరెయ్యాలని తీర్మానించారు. విసిరే బాధ్యత కొండది.

పదకొండు గంటలకు టేపక్క, తమ్ముణ్ని బంధించిన అద్దాల గదికి పరిగెత్తింది. తమ్ముడు బల్ల మీద బిక్కచచ్చి కూర్చుని ఉన్నాడు.

"మీసం ఎందుకు తీశావురా?"

"తెల్లబడిందని మీ మరదలు గొడవక్కా. తీసేస్తే పదేళ్లు తగ్గుతావంది."

"తగ్గడమేమిటి, ఇప్పుడు మొత్తానికే పోయేట్టున్నావు."

"అక్కా, నేను మనిషినేనని నువ్వైనా చెప్పవే!"

"నువ్వు పుట్టినప్పుడు చూసి నేనే నమ్మలేదు" అంది టేపక్క. అంటూనే అద్దానికి అరచెయ్యి ఆనించింది. "ఏడవకు. నాలుగు కాకముందే వస్తాను."

గదికి వచ్చి గోధుమ రంగు పుస్తకం తీసింది. తమ్ముడి యూనిఫాం కొలతలు అందులో ఇరవై ఏళ్లవి ఉన్నాయి. మెడ పద్నాలుగున్నర నుంచి పదహారుకు వచ్చింది. ఏ గూఢచారైనా ఇంత ఓపిగ్గా లావెక్కుతాడా? ఇది చూపిస్తే చాలనుకుని పేజీ తిప్పింది. తర్వాతి పేజీ వేయికళ్లది.

మూడేళ్ల కిందటి దాకా ఆయనవీ అందరి కొలతల్లాంటివే. ముప్పై అయిదు, ముప్పై ఆరున్నర, మళ్లీ ముప్పై ఆరు. ఉత్తర సముద్రం పని మీద వెళ్లొచ్చాక ముప్పై నాలుగు. ఆ తర్వాత ఆరుసార్లు కొలిస్తే ఆరుసార్లూ మెడ, ఛాతీ, నడుము, తుంటి ఏవీ అరపావు అంగుళం కదల్లేదు. ఎండాకాలం లేదు, చలికాలం లేదు. జ్వరం వచ్చి లేచాక కొలిచినా అంతే. పతకం రావలసిన మనిషనుకుని తాను మెచ్చుకున్నది దీన్నా! మిగతా ఇద్దరి పేజీలూ తిప్పింది. వాళ్లూ ఆ పనికి వెళ్లినవాళ్లే. టేపక్క మిషను స్టూలు మీద కూలబడింది.

పుస్తకం విప్పితే తమ్ముడు బతుకుతాడు. కానీ గడియ వేసుకుని చెప్పుకున్న పదహారు మంది పరువు నడిహాల్లో ఆరబెట్టినట్టవుతుంది. ముప్పై రెండేళ్లలో ఆమె నోటి నుంచి ఒక్క అంగుళం బయటికి పోలేదు. ఆమెకున్న గొప్పలన్నిటిలోకీ అదే గొప్ప. బల్ల మీద టీ చల్లారేదాకా ఆలోచించింది. తర్వాత టీ వదిలేసి పుస్తకం పట్టుకుని లేచింది.

హాల్లో దళమంతా కూర్చుని ఉంది. టేపక్క చెప్పిందంతా విని వేయికళ్లు చిరునవ్వు నవ్వాడు.

"చూడమ్మా, తమ్ముడి మీద ప్రేమ ఉండాల్సిందే. నడుము మారనివాడు గూఢచారి అంటున్నావు. ఇదిగో నువ్వు రాసిచ్చిన తెల్ల పుస్తకం. ఇందులో ఒక్కరి నడుమూ మారలేదు. అంటే పందొమ్మిది మందీ గూఢచారులేనా?"

హాల్లో కిసుక్కున నవ్వులు. కొండ మాత్రం నవ్వలేదు. టేపక్క చంకలో ఉన్న గోధుమ రంగు అట్ట అతని కంట పడింది. వద్దక్కా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"నన్ను క్షమించు నాయనా" అని టేపక్క పుస్తకం తెరిచింది. "కొండ. తెల్ల పుస్తకంలో ముప్పై నాలుగు. అసలుది మొన్నటికి నలభై ఒకటి."

హాలు గొల్లుమంది.

"నవ్వకండి, మీవీ వస్తున్నాయి" అంది టేపక్క.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. ఆమె పంతులుగారి ముందు ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చదువుకుంటూ పోయింది. ముప్పై తొమ్మిదిం పావు. నలభై ముప్పావు. గాలిలో తేలే వీరుడు కుర్చీలో మరింత కిందికి జారాడు. అదృశ్యమయ్యే వీరుడు అదృశ్యమయ్యాడు. అయినా అతని కొలతా చదివింది.

"నాయకుడుగారిది..."

"టేపక్కా, అది అవసరమంటారా?" అన్నాడు పిడుగు నీళ్లు నములుతూ.

"నలభై రెండు. లోపలి పట్టీతో ముప్పై ఎనిమిది." పేజీ తిప్పింది. "పదహారు మందీ పెరిగారు, తరిగారు, మళ్లీ పెరిగారు. మనిషన్నవాడి ఒళ్లు అలాగే ఉంటుంది. ఈ ముగ్గురివి మాత్రం మూడేళ్లుగా రాయి. బాబూ వేయికళ్లూ, నమ్మకం లేకపోతే లేవండి, అందరి ముందూ కొలుస్తాను."

వేయికళ్లు లేచాడు. టేపక్క అతని నడుము చుట్టూ టేపు వేసింది. "ముప్పై నాలుగు" అని పైకి చదివింది.

అప్పుడు ఆ పరాయి గ్రహం బుర్రకు ఒక ఆలోచన వచ్చింది. పెరగనివాడు మనిషి కాదంటున్నారు, అయితే పెరిగితే సరిపోతుంది కదా! టేపక్క వేళ్ల మధ్య టేపు మెల్లగా జారడం మొదలైంది. ముప్పై అయిదు. ముప్పై ఆరు. ముప్పై ఎనిమిది.

"చూశారా," అన్నాడు వేయికళ్లు గర్వంగా, "నాదీ పెరుగుతుంది."

వెనక వరసలో మరో రెండు చోట్ల కూడా బెల్టులు ఫట్‌మన్నాయి. పెద్దాయన ఏం చేస్తే అది చెయ్యమని ఆ ఇద్దరికీ ఆజ్ఞ కాబోలు.

"కూర్చుని మూడేళ్లు తిన్నవాడికి పెరుగుతుంది నాయనా," అంది టేపక్క, "నిలబడ్డచోట నిమిషంలో కాదు."

వేయికళ్లు కిటికీ వైపు దూకబోయాడు. కొండ వెళ్లి అతని మీద కూర్చున్నాడు. ఆ నలభై ఒక్క అంగుళాల వల్ల లోకానికి కలిగిన మొదటి మేలు అదే. మిగతా ఇద్దరినీ తలా నలుగురు పట్టుకున్నారు. అసలు వీరులు ముగ్గురూ ఉత్తర సముద్రం అడుగున ఒక ఓడలో నిద్రపోతున్నారని, క్షేమమేనని కొండ కింది నుంచి సమాధానం వచ్చింది.

తమ్ముణ్ని అద్దాల గది నుంచి వదిలేటప్పుడు మూడున్నరయింది. టేపక్క ముందు అతని వీపు మీద ఒకటి చరిచింది, తర్వాత పట్టుకుని ఏడ్చింది. పిడుగు దగ్గి, "ఏదో చిన్న పొరపాటు" అన్నాడు. ఆపైన గొంతు తగ్గించి టేపక్కను అడిగాడు, "ఆ నా పేజీ ఒక్కటీ... చింపడానికి వీలవుతుందా?"

"చింపను. ఇకపై మీరు వచ్చి గడియ వేసుకున్నా వినను. రాసేదీ కుట్టేదీ ఒకటే కొలత" అంది టేపక్క. ఆమెను ఎవరూ మెచ్చుకోలేదు. ఆ పదహారు మందిలో ఒక్కడూ ఆమె ముఖం చూడలేదు.

దొంగలను అడుగు అంతస్తులోని జైలుకు దింపాలి. ఆ లిఫ్టు మాట వినేది తమ్ముడి చేతికే. కాబట్టి ఉదయం శిక్ష వేసినవాళ్లే వచ్చి బాబ్బాబూ అని పిలిచారు. ముగ్గురు దొంగలు, పిడుగు, కొండ, ఇంకో ఇద్దరు వీరులు ఎక్కారు. తమ్ముడు తలుపు మూసి మీట నొక్కాడు. లిఫ్టు కదల్లేదు, గంట మోగింది.

"బరువెక్కువైంది. ఒకరు దిగండి" అన్నాడు తమ్ముడు.

"దీనికి ఎనిమిది మంది పడతారని రాసుంది కదా! నీతో కలిపి ఎనిమిది మందిమే" అన్నాడు పిడుగు.

"ఎనిమిది మంది మామూలు మనుషులు సార్."

నలుగురు మహావీరులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దిగినవాడు ఒప్పుకున్నట్టే. కొండ పైకప్పు చూశాడు. పిడుగు చేతి గడియారం చూసుకున్నాడు. గంట మోగుతూనే ఉంది. గుమ్మంలో నిలబడ్డ టేపక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చివరికి వేయికళ్ల వేషంలో ఉన్నవాడే మర్యాదగా ముందుకు జరిగాడు. "పోనీ, నేను దిగుతాను."

కొండ అతనికి దారి ఇవ్వబోయాడు కూడా.

"నువ్వు ఆగు నాయనా," అన్నాడు తమ్ముడు, "వెళ్తున్నదే నీ కోసం."