నీలిమందు అంటిన బుగ్గ

నా చిన్నప్పుడు మా నాచారంలో సాయంత్రం బస్సు ఆగిన చప్పుడు వినబడితే చాలు, మా అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకొని లోపలి గదిలోకి పోయి గడియ పెట్టేది. ఆ బస్సు దిగి వచ్చేది దొంగలు కాదు, మా మేనత్త. పట్నంలో అంటురోగాల దవాఖానాలో నర్సు. భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. నాకు జడ వేసేదీ, పక్కలో పడుకోబెట్టుకునేదీ ఆమే. వచ్చీ రాగానే పెరట్లో వేడినీళ్లతో స్నానం చేశాకే ఇంట్లో అడుగుపెట్టేది. అయినా అమ్మకు భయం తీరేది కాదు.

ఆ ఏడు పిల్లలకు కంఠసర్పి సోకుతోంది. గొంతులో పొర కట్టి ఊపిరాడక చనిపోయేవారు. అత్తతోపాటు పనిచేసే ఒక నర్సు కూతురు కూడా దానితోనే పోయింది. ఆ పాప దవాఖానా గడప తొక్కి ఎరగదు. రోగం తల్లి వెంటే ఇంటికి వచ్చిందన్నారు.

ఆ కబురు తెలిసిన రోజు అమ్మ నాన్నతో ఏడుస్తూ అంది. “వదినె మీద నాకు కోపం లేదు. పిల్లగానికి ఏమన్న అయితె ఏం జేస్తం? జర కొన్నాళ్లు దవాఖానలనే ఉండుమను.” గుమ్మం అవతల అత్త అంతా వింటూనే ఉంది. నాకు తమ్ముడు చచ్చిపోతాడేమోనని ఒక భయం, అత్త వెళ్లిపోతుందేమోనని ఇంకో భయం. ఎవరి కోసం దేవుడికి మొక్కుకోవాలో కూడా తెలియలేదు.

అత్త ఆదివారం నాడు ఉడకబెట్టి ఉతికిన దవాఖానా కోటు ఒకటి తెచ్చింది. ముందు గుండీలు, వదులు చేతులు. అది నాకు తొడిగి, దాని మీద బట్టలకు పెట్టే నీలిమందు పొడి చల్లింది. “గిది రోగమనుకో బిడ్డా. ఎంత పదిలంగ ఇప్పుతవో ఇప్పు. ఇప్పి తమ్మున్ని ఎత్తుకో.”

నేనేం తక్కువ తిన్నానా! ఊపిరి బిగబట్టి వేళ్ల కొసలతో గుండీలు తీశాను. చేతులు పావడాకు బాగా తుడుచుకొని తమ్ముణ్ణి ఎత్తుకున్నాను. వాడు కిలకిలా నవ్వి నా వేళ్లు పట్టుకున్నాడు. అంతలో అమ్మ కెవ్వుమంది. వాడి బుగ్గ మీద నీలం. పిడికిట్లో నీలం. ఆ పిడికిలి అప్పటికే నోట్లో ఉంది! వట్టి నీలిమందేనని తెలిసినా నాకు ఏడుపు ఆగలేదు.

“సూసిన్రా? దవాఖానల మేం గూడ కోటు గిట్లనే ఇప్పుతున్నం,” అంది అత్త, వాడి నోరు కడుగుతూ. “నేను ఇంటికొచ్చి తానం జేసేలోపే రోగం నా సంచికి, చీరెకు అంటుతున్నది.”

అమ్మ లేచి కుట్టుమిషను మీది గుడ్డ తీసింది. “ముందల గుండీలే వద్దు వదినె. ఎనక ముడులు పెడ్త,” అంది. పాత దుప్పటి కత్తిరించి, వెనకవైపు తెరుచుకునేలా, మణికట్టు దగ్గర బిగుతుగా ఉండేలా కుట్టింది. ఈసారి అత్త తొడుక్కుంది. మళ్లీ నీలిమందు చల్లాం. అత్త చేతులు సబ్బుతో కడుక్కున్నాక అమ్మ వెనక నిలబడి ముడులు విప్పింది. అత్త కోటును లోపలి వైపు పైకి వచ్చేలా తిప్పి, పొడి లోపలే ఉండేట్టు చుట్ట చుట్టి పక్కన పెట్టి, చేతులు మళ్లీ కడుక్కుంది.

అప్పుడు అమ్మే తమ్ముణ్ణి తీసుకొచ్చి అత్త చేతుల్లో పెట్టింది. ఎంత భయపడిందో! వాణ్ణి పూర్తిగా వదలకుండా, బుగ్గలూ వేళ్లూ తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా నీలం లేదు. అత్తను వెళ్లమనే మాట మా ఇంట్లో మళ్లీ వినబడలేదు. దవాఖానాలో పెద్ద నర్సమ్మ కూడా ఆ కోటును మెచ్చి అలాంటివే కుట్టించింది.

ఆ ఆదివారం సాయంత్రం అత్త జడ వేస్తుంటే అడిగాను, నీకు భయం కాదా అత్తా అని.

“మస్తు భయమైతది బిడ్డా. భయమున్నోళ్లే చేతులు కడుక్కుంటరు,” అంది.

ఇప్పుడు నాకు మనవరాలు ఉంది. నేను బయటి నుంచి రాగానే చేతులు చాచి ఉరికి వస్తుంది. ఎత్తుకోబోతూ ఆగి నా చేతులు చూసుకుంటాను. ఏమీ కనబడదు. కనబడదు కనకనే భయం. పిల్లను జర ఆగమని చెప్పి, పోయి కడుక్కొని వస్తాను.